మొదటి ఆర్పీజీని ఎంచుకోవడం ఎలా? కొత్తవారికి సమగ్ర మార్గదర్శి

రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, అంటే ఆర్పీజీలు, ఆడాలనుకునేవారికి ముందుగా దొరికేది ఒక జాబితా. 'అత్యుత్తమ ఆర్పీజీలు' అన్న శీర్షిక కింద ఇరవయ్యో ముప్పయ్యో పేర్లు ఉంటాయి. అందులో మొదటి పేరు పట్టుకొని కొనేస్తారు. నాలుగైదు గంటలు ఆడాక మెనూలు అర్థంకావు, ఎందుకు ఓడిపోతున్నారో తెలియదు. 'ఈ రకం గేమ్‌లు నాకు సరిపడవు' అనుకొని పక్కన పెట్టేస్తారు. జాబితాలో తప్పేమీ లేదు. దాన్ని తయారుచేసినవారు మాత్రం ఈ గేమ్‌ల ఆనుపానులన్నీ ఏనాడో ఒంటబట్టించుకున్నవారు. వాళ్లను అబ్బురపరిచినదే కొత్తవారిని బెదరగొట్టవచ్చు.

నేను ఇక్కడ పట్టుబట్టేది ఒక్క విషయం మీదే. కథ ఎంత గొప్పదో, బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయో తర్వాత చూడండి. ఆ గేమ్‌లో మీరు మళ్లీ మళ్లీ చేయాల్సిన పని ఏమిటో ముందు చూడండి. నలభై గంటల గేమ్‌లో ఒళ్లు జలదరించే మలుపులు ఏ పదో ఉంటాయి. పోరాటాలు, సంభాషణలు, సామాను సర్దుకోవడం మాత్రం వందల సార్లు వస్తాయి. ఆ పని మీకు నచ్చితే సాదాసీదా కథ ఉన్న గేమ్‌ను కూడా చివరిదాకా ఆడతారు. నచ్చకపోతే ఎంత గొప్ప కథైనా సగంలోనే ఆగిపోతుంది. మొదటి ఆర్పీజీ మీరు పూర్తి చేయగలిగినది కావాలి. ఒకటి పూర్తిచేస్తే మిగిలినవన్నీ సగం తెలిసినట్టే.

అసలు ఇందులో ఏముంటుంది

వీటి పుట్టుక 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో ఉంది. బల్ల చుట్టూ కూర్చున్నవారు తలా ఒక పాత్ర తీసుకొని, దాని బలాబలాలను కాగితం మీద అంకెల్లో రాసుకొని, పాచికలు వేసి ఫలితం తేల్చుకునేవారు. ఆ కాగితాన్నీ పాచికలనూ కంప్యూటర్‌కు అప్పగిస్తే వీడియో గేమ్ అయింది. 1981లో విజర్డ్రీ, అల్టిమా వచ్చాయి. ఆ రెండింటి ప్రభావంతో జపాన్‌లో యూజీ హోరీ రూపొందించిన డ్రాగన్ క్వెస్ట్ 1986లోనూ, మరుసటి ఏడాది ఫైనల్ ఫాంటసీ మొదటి భాగమూ విడుదలయ్యాయి.

అప్పటినుంచి రెండు పాయలు కనిపిస్తాయి. పాశ్చాత్య గేమ్‌లలో సాధారణంగా పాత్రను మీరే తయారుచేసుకుంటారు, ఎటు వెళ్లాలో మీరే తేల్చుకుంటారు. జపాన్ గేమ్‌లలో నాయకుడెవరో రచయితే నిర్ణయిస్తాడు. అతనితోపాటు ఒక జట్టు ఉంటుంది, కథ చాలావరకు ఒకే దారిన నడుస్తుంది. ఈ రెండూ ఇప్పుడు బాగా కలగలిసిపోయాయి. అయినా కొత్తవారికి ఈ విభజన పనికొస్తుంది.

రెండింటిలోనూ ఉండేది ఎదుగుదల. పోరాడితే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు వస్తాయి, అవి పోగైతే లెవెల్ పెరుగుతుంది, దాంతో పాత్ర బలం పెరుగుతుంది. మామూలు యాక్షన్ గేమ్‌లో మీ చేయి మాత్రమే నేర్చుకుంటుంది. ఇక్కడ మీతోపాటు పాత్ర కూడా నేర్చుకుంటుంది. ఒక శత్రువు దగ్గర ఓడిపోతే వేరేచోట తిరిగి, బలం పెంచుకొని, మంచి కవచం సంపాదించుకొని రావచ్చు. చేతివేగం తక్కువున్నవారికి ఇంతకంటే అనువైన రకం లేదని నా అభిప్రాయం.

మొదటి అడుగు: మీ దగ్గరున్న యంత్రాన్ని చూసుకోండి

ఇది తొందరగా తేలిపోయే విషయం. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ కావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలి. పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు దాని జోలికి వెళ్లి, అది ఆగి ఆగి నడుస్తుంటే విసుగెత్తి మానేయడం కంటే, ఎందులోనైనా హాయిగా నడిచే అండర్‌టేల్‌తోనో క్రోనో ట్రిగ్గర్‌తోనో మొదలుపెట్టడం మేలు. ఫోను మాత్రమే ఉన్నా ఫరవాలేదు. క్రోనో ట్రిగ్గర్, పాత ఫైనల్ ఫాంటసీలు, స్టార్‌డ్యూ వ్యాలీ ఫోన్లలోనూ దొరుకుతాయి. ఒకసారి కొంటే మళ్లీ డబ్బు అడగవు. కంప్యూటర్‌లో ఆడేవారు వీలైతే గేమ్‌ప్యాడ్ ఒకటి తెచ్చుకోండి. జపాన్ ఆర్పీజీలు చాలావరకు దానికోసమే తయారయ్యాయి.

రెండో అడుగు: ఏ రకం పోరాటం మీకు పడుతుందో తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఆర్పీజీ పోరాటాలు స్థూలంగా మూడు రకాలు.

మొదటిది వంతులవారీ పోరాటం, అంటే టర్న్ బేస్డ్. మీ వంతు వచ్చినప్పుడు గేమ్ ఆగిపోయి మీ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది. ఎంతసేపు ఆలోచించినా ఏమీ అనదు. 2001లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 10ను ఉదాహరణగా తీసుకుందాం. తెర పక్కన ఎవరి తర్వాత ఎవరి వంతో ఒక వరుస కనిపిస్తూ ఉంటుంది. ఎదురుగా మూడు శత్రువులు ఉన్నాయనుకోండి: చురుగ్గా కదిలే తోడేలులాంటి జంతువు, గాల్లో ఎగిరే పురుగు, జిగురుముద్దలాంటి ఒక జీవి. మీ జట్టులోని టీడస్ కత్తి వేగంగా తగులుతుంది కాబట్టి తోడేలు అతని వంతు. ఎగిరేదాన్ని వాకా బంతి విసిరి పడగొడతాడు. జిగురుముద్దకు కత్తిదెబ్బలు ఆనవు, లూలూ మంత్రం వేయాలి. ఆమె ప్రస్తుతం పోరులో లేకపోతే ఒక బటన్ నొక్కి, వంతు పోగొట్టుకోకుండా, ప్రస్తుతం వంతు వచ్చినవారి స్థానంలో దింపవచ్చు. పెంకు గట్టిగా ఉన్న శత్రువు వస్తే ఆరాన్ పెద్ద కత్తి దాన్ని చీలుస్తుంది. ఎవరు ఎవరికి విరుగుడో తెలుసుకోవడమే ఇక్కడి ఆట. తొలి గంటల్లోనే ఈ పాఠాన్ని ఉపన్యాసం లేకుండా చేయించి నేర్పిస్తుంది. వంతులవారీ పోరును ఇంత శుభ్రంగా పరిచయం చేసే గేమ్‌లు తక్కువ.

రెండోది నేరుగా సాగే యాక్షన్. బటన్ నొక్కగానే కత్తి తిరుగుతుంది, శత్రువు మీ కోసం ఆగదు. ది విచర్ 3, స్కైరిమ్, ఎల్డెన్ రింగ్ ఈ రకం. ఇదివరకు యాక్షన్ గేమ్‌లు ఆడినవారికి ఇది సహజంగా అనిపిస్తుంది. ఎప్పుడూ కంట్రోలర్ పట్టనివారికి మాత్రం కెమెరా తిప్పడం, తప్పుకోవడం, కొట్టడం ఒకేసారి చేయడమే పెద్ద పని. దానికితోడు లెవెల్స్, మంత్రాలు, కవచాలు అన్నీ ఒక్కసారే మీదపడతాయి.

మూడోది వ్యూహపోరాటం. ఇదీ వంతులవారీదే కానీ, పాత్రలు ఎక్కడ నిలబడ్డాయన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బాల్డర్స్ గేట్ 3లో ఎత్తైన చోట ఉన్న విలుకాడికి దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది, అంచున నిలబడ్డ శత్రువును లోయలోకి తోసేయవచ్చు. దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో తెర మీద ముందే చూపిస్తుంది. ఎనభై శాతం అని ఉన్నా గురి తప్పినప్పుడు మోసపోయినట్టు అనిపిస్తుంది. అయిదింట ఒకటి తప్పడం లెక్క ప్రకారం న్యాయమేనని సరిపెట్టుకోగలిగితేనే ఈ రకం మీకు పడుతుంది. ఒక్కో పోరు అరగంట కూడా సాగవచ్చు. చదరంగం ఇష్టపడేవారికి పండగే. త్వరగా కథలోకి వెళ్లిపోవాలనుకునేవారికి పరీక్ష.

వీటి మధ్య కలగలుపులూ ఉన్నాయి. 2025లో వచ్చిన క్లెయిర్ ఆబ్‌స్క్యూర్ వంతులవారీదే. కానీ శత్రువు వంతులో మీరు సరైన క్షణానికి బటన్ నొక్కి దెబ్బ తప్పించుకోవాలి. అండర్‌టేల్‌లోనూ అంతే. తెర మీది గడిలో ఉన్న చిన్న హృదయాన్ని అటూ ఇటూ కదిపి దూసుకొచ్చే వాటినుంచి కాపాడుకోవాలి. గేమ్ వివరాల్లో వంతులవారీ అని రాసి ఉంది కదా అని నమ్మి కొనే ముందు ఇది గమనించండి.

ఏ రకం పడుతుందో ఎలా తెలుస్తుంది? ట్రైలర్ చూడకండి, అందులో పోరాటం ముక్కలుముక్కలుగా, సంగీతంతో మెరిసిపోతూ ఉంటుంది. వ్యాఖ్యానం లేకుండా ఎవరో మామూలుగా ఆడుతున్న వీడియో వెతికి, మధ్యలోంచి ఒక ఇరవై నిమిషాలు చూడండి. అందులో వరసగా మూడు మామూలు పోరాటాలు వచ్చాయనుకోండి. మూడోది వచ్చేసరికి 'ఇక్కడ నేనైతే ఆ మంత్రం వేసేవాడిని' అనిపించిందా, లేక వీడియోను ముందుకు జరపాలనిపించిందా? మీకు కావలసిన జవాబు అదే.

మూడో అడుగు: ఎంత చదవగలరో నిజాయితీగా చెప్పుకోండి

ఆర్పీజీలలో అక్షరాలు ఎక్కువ. కొన్నింటిలో నవలలకు నవలలే ఉంటాయి. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో మామూలు పోరాటమే లేదు. మాటలు, ఆలోచనలు, పాచికలు, అంతే. కథానాయకుడి మెదడులోని 24 నైపుణ్యాలు అతనితో మాట్లాడుతూ, వాదిస్తూ ఉంటాయి. తాగి పడిపోయి హోటల్ గదిలో లేచిన అతను, తిరుగుతున్న ఫ్యాను మీద వేలాడుతున్న తన టైని అందుకోబోతాడు. శరీరబలం మరీ తక్కువగా పెట్టుకొని ఉంటే, పాచిక అడ్డం తిరిగితే, ఆ చిన్న ప్రయత్నంలోనే గుండె ఆగి చనిపోవచ్చు. గేమ్ మొదలై కొద్ది నిమిషాలే అయి ఉంటుంది. ఇది చదివి నవ్వొచ్చినవారు ఆ గేమ్‌ను గుర్తుపెట్టుకోండి. చిరాకు వచ్చినవారు దాని ఛాయలకు వెళ్లకండి.

ఇంకో కోణం ఉంది. చాలామంది మాతృభాష కాని భాషలో ఆడతారు. అలాంటప్పుడు అన్ని మాటలనూ గొంతుతో వినిపించి, కింద అక్షరాలు కూడా చూపించే గేమ్ తేలిక. వింటూ చదివితే అర్థం త్వరగా తెలుస్తుంది. ది విచర్ 3, మాస్ ఎఫెక్ట్, బాల్డర్స్ గేట్ 3 సంభాషణలు అలా వినిపించేవే. డిస్కో ఎలీసియం, ప్లేన్‌స్కేప్ టార్మెంట్‌లాంటివి భాష మీద గట్టి పట్టు ఉంటేనే రుచిస్తాయి. అక్షరాలు వాటంతటవే మారిపోకుండా, బటన్ నొక్కేదాకా ఆగుతాయో లేదో కూడా చూసుకోండి. పాత జపాన్ గేమ్‌లు ఈ విషయంలో మర్యాదస్తులు, చాలావరకు ఆగుతాయి.

నాలుగో అడుగు: గంటలు లెక్కపెట్టుకోండి

ఈ గేమ్‌లు పొడవైనవి. పొడవు ఎక్కువుంటే డబ్బుకు తగిన ఫలితం దక్కినట్టని చాలామంది అనుకుంటారు, మొదటి గేమ్ విషయంలో నేను ఒప్పుకోను. అండర్‌టేల్ ఆరేడు గంటల్లో అయిపోతుంది. 1995లో వచ్చిన క్రోనో ట్రిగ్గర్‌కు ఇరవై, ఇరవై అయిదు గంటలు చాలు. ది విచర్ 3 ముఖ్యకథకే యాభై గంటల దాకా పడుతుంది, దారిలో పక్కపనులు చేస్తూ పోతే అది రెట్టింపవుతుంది. పర్సోనా 5 రాయల్ వంద గంటలు దాటుతుంది. అందులో గేమ్ పూర్తిగా మీ చేతికి రావడానికే చాలా గంటలు పడుతుంది.

వారానికి నాలుగు గంటలు దొరికే మనిషికి వంద గంటల గేమ్ అంటే ఆరు నెలలు. మధ్యలో రెండు వారాలు ఆగితే ఏ బటన్ దేనికో, ఎవరి కోసం ఎక్కడికి వెళ్తున్నామో మరిచిపోతారు. అలా ఆగినవాటిలో తిరిగి మొదలయ్యేవి తక్కువ. అందుకే వారానికి అయిదు గంటల లోపు దొరికేవారు ముప్పై గంటల లోపు గేమ్ తీసుకోండి. ఎంత సమయం పడుతుందో చెప్పే హౌ లాంగ్ టు బీట్ అనే సైట్ ఉంది. అందులో ముఖ్యకథకు, పక్కకథలతో కలిపి, అన్నీ పూర్తిచేయడానికి వేర్వేరుగా గంటలు ఇస్తారు. కొత్తవారు మొదటి అంకెకు ఇంకో పావువంతు కలుపుకోవాలి.

సేవ్ చేసుకునే పద్ధతి కూడా సమయానికి సంబంధించినదే. స్కైరిమ్‌లో దాదాపు ఎక్కడైనా సేవ్ చేసి లేచిపోవచ్చు. పాత జపాన్ గేమ్‌లలో నిర్ణీత స్థలాల్లోనే సేవ్ అవుతుంది, తర్వాతి చోటు అరగంట దూరంలో ఉండవచ్చు. ఏ క్షణానైనా ఎవరో పిలిచే ఇంట్లో ఉండేవారు ఇది తప్పక చూసుకోవాలి. చేతిలో పట్టుకొని ఆడే కన్సోల్ అయితే బటన్ నొక్కి నిద్రపుచ్చవచ్చు కాబట్టి ఈ బాధ తగ్గుతుంది.

అయిదో అడుగు: స్వేచ్ఛ ఎంత కావాలి

'ఎక్కడికైనా వెళ్లవచ్చు, ఏదైనా చేయవచ్చు' అన్న మాట ప్రకటనలో బాగుంటుంది. కొత్తవారిలో సగం మందికి అదే శాపం. 2011 నాటి స్కైరిమ్‌లో మొదటి ఘట్టం దాటగానే ప్రపంచం తెరుచుకుంటుంది. ముఖ్యకథ ఒక గుర్తు రూపంలో ఎదురుగా ఉంటుంది, దాన్ని వదిలేసి కొండెక్కినా అడిగేవారు లేరు. ఈ గేమ్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది: ఏ పని చేస్తే ఆ నైపుణ్యం పెరుగుతుంది. కత్తి వాడితే కత్తివిద్య, దాక్కుంటూ నడిస్తే దొంగనడక. యోధుడో, మంత్రగాడో, దొంగో అని మొదట్లోనే ఒక వర్గం (క్లాస్) ఎంచుకోవాల్సిన బెంగ లేదు. తోచినట్టు తిరగడం ఇష్టమైనవారికి ఇది మంచి ప్రారంభం. తర్వాత ఏమి చేయాలో ఎవరో ఒకరు చెప్పాలి అనుకునేవారికి మాత్రం కాదు. వాళ్లు డ్రాగన్ క్వెస్ట్ 11లాంటి దారి గీసిన గేమ్ తీసుకోవాలి.

పాత్రను తయారుచేసుకునే తెర ఇంకో గండం. బాల్డర్స్ గేట్ 3 పన్నెండు వర్గాలను ముందు పెడుతుంది. ఒక్కోదాని కింద పదుల కొద్దీ వివరాలు ఉంటాయి. గేమ్ ఆడకముందే వాటి మీద గంటలు గడిపి, తప్పు చేశామేమోనన్న అనుమానంతో మొదలుపెట్టేవారు ఎందరో. అక్కడ ఆయుధంతో పోరాడే ఫైటర్ వర్గం తీసుకొని ముందుకు వెళ్లిపోండి. విథర్స్ అనే పాత్ర మీ శిబిరానికి చేరాక, ఆటలోని వంద బంగారు నాణేలు ఇస్తే వర్గాన్నే మార్చేస్తాడు. చేసిన ఎంపికలను ఇలా తిరగరాసుకునే వీలు ఉందో లేదో ఏ గేమ్ విషయంలోనైనా ముందే తెలుసుకుంటే సగం భయం పోతుంది.

ఆరో అడుగు: కష్టం ఎక్కడ దాగి ఉందో చూడండి

సెట్టింగ్స్‌లో కష్టాన్ని తగ్గించే వీలు ఉన్న గేమ్‌ను ఎంచుకోండి, తగ్గించడానికి సిగ్గుపడకండి. ది విచర్ 3లో కథ కోసమే ఆడేవారికి ఒక స్థాయి ఉంది. బాల్డర్స్ గేట్ 3లో ఎక్స్‌ప్లోరర్ అనే తేలిక స్థాయి ఉంది. ఈ రెండింటిలోనూ, స్కైరిమ్‌లోనూ మధ్యలో మార్చుకోవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో అసలు ఆ మీటే లేదు.

సెట్టింగ్స్‌లో కనిపించని కష్టం కూడా ఉంటుంది. 1996లో జపాన్‌లో మొదలైన పోకెమాన్ తొలి గేమ్‌లో ప్రొఫెసర్ మూడు జీవుల్లో ఒకదాన్ని ఎంచుకోమంటాడు: గడ్డిజాతి బల్బసార్, నిప్పుజాతి చార్మాండర్, నీటిజాతి స్క్విర్టిల్. చూడటానికి అది అభిరుచికి సంబంధించిన ప్రశ్న. కానీ మొదటి జిమ్‌లో, అంటే గెలిచి దాటాల్సిన తొలి పోటీస్థలంలో, ఎదురయ్యే బ్రాక్ దగ్గర రాతిజాతి పోకెమాన్లు ఉంటాయి, నిప్పు వాటిని పెద్దగా బాధించదు. రెండో జిమ్‌లో మిస్టీ దగ్గర నీటిజాతివి. అక్కడా నిప్పుకు నూకలు చెల్లినట్టే. బల్బసార్‌ను ఎంచుకున్నవారు రెండు చోట్లా సులువుగా గట్టెక్కుతారు. అందంగా ఉందని చార్మాండర్‌ను తీసుకున్న పిల్లలు అక్కడే తలపట్టుకుంటారు. గేమ్ ఎక్కడా 'ఇది కష్టమైన దారి' అని చెప్పదు. అందుకే కొత్త ఆర్పీజీ మొదలుపెట్టేముందు, కథ బయటపడకుండా, 'కొత్తవారు ఏ పాత్రతో మొదలుపెట్టాలి' అన్న ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలో తప్పులేదు.

ఏడో అడుగు: ఇప్పుడు పేర్లు

పైన చెప్పినవన్నీ మీకు మీరు తేల్చుకున్నాక ఈ పేర్లు పనికొస్తాయి.

ఆలోచించి ఆడాలి, తొందర వద్దు, జట్టు కావాలి అనుకునేవారికి నా మొదటి మాట డ్రాగన్ క్వెస్ట్ 11. శత్రువులు మైదానంలో కళ్లకు కనిపిస్తారు, వద్దనుకుంటే తప్పుకొని పోవచ్చు. మీ జట్టులోనివారిని వాళ్లంతట వాళ్లే పోరాడేలా వదిలేయవచ్చు. కొంచెం అలవాటయ్యాక పగ్గాలు చేతిలోకి తీసుకోండి. పొడవు ఎక్కువ, అదొక్కటే లోపం. దాని మెరుగుపరచిన కూర్పుకు ఉచిత డెమో ఉంది. అందులో ఆడినంతవరకు సేవ్‌ను అసలు గేమ్‌లోకి తెచ్చుకోవచ్చు.

సమయం తక్కువున్నవారికి క్రోనో ట్రిగ్గర్. ముప్పై ఏళ్ల నాటిదే అయినా ఒక్క ఘట్టం కూడా సాగదీసినట్టుండదు. పోరాటంలో కాలం నడుస్తూనే ఉంటుంది. కానీ సెట్టింగ్స్‌లో వెయిట్ అన్న పద్ధతి పెట్టుకుంటే మంత్రం, వస్తువు వెతుక్కునేటప్పుడు ఆగుతుంది.

సినిమాలా సాగే కథ, మాటల్లో నిర్ణయాలు కావాలంటే మాస్ ఎఫెక్ట్. మూడు భాగాలు కలిపి 2021లో లెజెండరీ ఎడిషన్‌గా వచ్చాయి. తుపాకీ గేమ్‌లు ఆడినవారి చేతికి ఇది వెంటనే అలవాటవుతుంది. మొదటి భాగంలో మీరు చేసిన నిర్ణయాలు మూడో భాగం దాకా వెంటాడతాయి.

యాక్షన్ ఇష్టం, కథా కావాలి అంటే ది విచర్ 3. గెరాల్ట్ అనే సిద్ధంగా ఉన్న పాత్ర కాబట్టి తయారీ తెర బెడద లేదు. వైట్ ఆర్చర్డ్ అనే మొదటి ప్రాంతం చిన్నది. అక్కడే అన్నీ ఒక్కొక్కటిగా అలవాటు చేసి, ఆ తర్వాతే పెద్ద ప్రపంచంలోకి వదులుతుంది.

అసలు ఎవరినీ చంపకుండా కూడా పూర్తిచేయగల గేమ్ కావాలంటే అండర్‌టేల్. పిల్లలతో కలిసి ఆడాలంటే పోకెమాన్. పోరాటం కన్నా పొలం పని, ఊరివాళ్ల స్నేహం నచ్చేవారికి స్టార్‌డ్యూ వ్యాలీ. దాన్ని ఆర్పీజీ అనవచ్చా అని కొందరు వాదిస్తారు, లెవెల్స్ పెంచుకునే అలవాటు చేయడానికి మాత్రం అది భేషుగ్గా పనికొస్తుంది.

ఎనిమిదో అడుగు: ప్రస్తుతానికి పక్కన పెట్టవలసినవి

ఎల్డెన్ రింగ్, డార్క్ సోల్స్ గొప్పవే. కానీ ఓడిపోవడమే పాఠంగా తయారైన గేమ్‌లు అవి. పాత్‌ఫైండర్: రాత్ ఆఫ్ ది రైటియస్‌లాంటివి డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలు కొట్టినపిండి అయినవారి కోసం ఉన్నాయి. వేలమందితో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆర్పీజీలు ఎప్పటికీ పూర్తికావు, పూర్తిచేయడమే కదా మన లక్ష్యం.

గెన్షిన్ ఇంపాక్ట్‌లాంటి ఉచిత గేమ్‌ల గురించి వేరుగా చెప్పాలి. చూడటానికి అందంగా ఉంటాయి, మొదలుపెట్టడానికి పైసా అక్కర్లేదు. కొత్త పాత్రలు మాత్రం లాటరీ పద్ధతిలో వస్తాయి. ఆ లాటరీ టికెట్లే దాని వ్యాపారం. ఒక పాత్ర నచ్చిందంటే అది దక్కేదాకా డబ్బు పోయాలనిపించేలా అమరిక ఉంటుంది. పిల్లల చేతిలో కార్డు వివరాలు ఉన్న ఫోను పెట్టే ఇంట్లో దీన్ని మొదటి గేమ్‌గా నేను సూచించను.

తొమ్మిదో అడుగు: కొన్నాక మొదటి రెండు గంటలు

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న గేమ్‌ను పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, డబ్బు వెనక్కి అడగవచ్చు. ఈ రెండు గంటల్లో కథను అంచనా వేయకండి, చాలా గేమ్‌లలో కథ అప్పటికి మొదలై కూడా ఉండదు. అక్షరాల పరిమాణం చదవడానికి వీలుగా ఉందా, కెమెరా తిప్పితే తల తిరుగుతోందా, యంత్రం తడబడకుండా నడుపుతోందా, పోరాటం అయ్యాక ఇంకోటి కావాలనిపిస్తోందా? ఈ నాలుగే చూడండి. పాత్ర ముఖాన్ని తీర్చిదిద్దుతూ గడిపిన సమయం కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుందని మరవకండి.

పదో అడుగు: గాడిలో పడేదాకా కొన్ని అలవాట్లు

పాత్ర గాయాలు మాన్పే మందుసీసాలు దాచుకోకండి. 'ముందు పెద్ద బాస్ (ఘట్టం చివర ఎదురయ్యే బలమైన శత్రువు) వస్తాడేమో' అని దాస్తూ పోతే చివరికి సంచిలో ఎనభై సీసాలు మిగులుతాయి, మీరేమో మధ్యలో నాలుగుసార్లు చచ్చి ఉంటారు. వాడేయండి, మళ్లీ దొరుకుతాయి.

సేవ్‌లు ఒకదాని మీద ఒకటి రాయకుండా రెండు మూడు స్థానాల్లో మార్చి మార్చి చేయండి. తప్పించుకోలేని చోట చిక్కుకుంటే గంట వెనక్కి వెళ్లే దారి ఉండాలి. పాచికలు నచ్చలేదని ప్రతిసారీ వెనక్కి వెళ్లి మళ్లీ వేయడం మాత్రం మానుకోండి. బాల్డర్స్ గేట్ 3లాంటి వాటిలో ఓడిన సంభాషణే ఒక్కోసారి ఎక్కువ రసవత్తరమైన దారి తెరుస్తుంది.

కొత్త కత్తి దొరికినప్పుడు ఒక్క అంకె చూసి మార్చేయకండి. పాతదాని దాడి 14, కొత్తదాని దాడి 19 అని ఆకుపచ్చ బాణం చూపిస్తుంది. దాని పక్కనే వేగం తగ్గుతుందని చిన్న ఎర్ర బాణం కూడా ఉండవచ్చు. వంతులవారీ గేమ్‌లో వేగం తగ్గడమంటే మీ వంతు ఆలస్యంగా రావడం. శత్రువు రెండుసార్లు కొట్టే వ్యవధిలో మీరు ఒక్కసారే కొడితే ఆ అయిదు అంకెల లాభం హరించుకుపోతుంది.

ఇంకో మాట, కొత్తవారు దాదాపు అందరూ పట్టించుకోనిది: జట్టు బలాన్ని పెంచే, శత్రువు బలాన్ని తగ్గించే మంత్రాలు. నేరుగా దెబ్బ వేయవు కాబట్టి వృథా వంతుల్లా కనిపిస్తాయి. పెద్ద బాస్ దగ్గర మూడోసారీ ఓడిపోతున్నారంటే లెవెల్ పెంచుకోవడానికి గంటలు తిరిగేముందు, శత్రువు దాడిని తగ్గించే మంత్రం ఒకటి వేసి చూడండి. చాలాసార్లు చిక్కుముడి అక్కడే విడిపోతుంది.

దారి తెలియక అరగంట తిరిగితే గైడ్ చూడండి. మొదటినుంచీ గైడ్ పక్కన పెట్టుకొని అడుగడుగూ దాని ప్రకారం నడిస్తే మాత్రం మీరు ఆడినట్టు కాదు, గైడ్ రాసినవారు ఆడినట్టు.

పదిహేను గంటలు ఆడినా పోరాటం వస్తుంటే నీరసం వస్తోందంటే ఆపేయండి, పెట్టిన డబ్బు గురించి ఆలోచించి ఈడ్చకండి. కథ నచ్చి పోరాటం మాత్రమే భారమైతే ముందు కష్టాన్ని తగ్గించి ఒక రెండు గంటలు చూడండి.

పూర్తిచేశాక రెండో గేమ్ ఎంచుకునేటప్పుడు ఒక్క అంశం మాత్రమే మార్చండి. ఫైనల్ ఫాంటసీ 10లో వంతుల పోరు నచ్చితే, అదే పద్ధతి ఉంచుకొని నిడివి పెంచి పర్సోనా 5 రాయల్‌కు వెళ్లవచ్చు. ది విచర్ 3లో గెరాల్ట్‌గా తిరిగినవారు, యాక్షన్‌ను అలాగే ఉంచి, సొంత పాత్రను తయారుచేసుకోవడానికి స్కైరిమ్‌కు మారవచ్చు. మాస్ ఎఫెక్ట్‌లో సంభాషణలే ఎక్కువ నచ్చినవారు తుపాకులు వదిలేసి డిస్కో ఎలీసియం తెరవండి. టైని అందుకునేముందు శరీరబలం ఎంత పెట్టుకున్నారో ఒకసారి చూసుకోండి.